ఊరి పనివాడు

లైప్‌జిగ్‌లో మా నిఘంటువు ఆఫీసు, మూడో అంతస్తు.
ఏడేళ్లుగా నేను 'డి' అక్షరం దగ్గరే ఉన్నాను.
నవంబరులో ఒక మాట నా బల్ల మీదికి వచ్చింది:
డెమియుర్గ్.
పాత చీటీలు తీశాను.
ఒకదానిలో అతను లోకాన్ని మలిచిన శిల్పి.
ఇంకోదానిలో గుడ్డి దేవుడు,
తనకు పైన ఎవరూ లేరనుకుని
ఈ వంకర లోకాన్ని కట్టి
మనల్ని లోపల పెట్టి గడియ వేసినవాడు.
ఫ్రెంచి చీటీలో ఎవరో ఒక నవలాకారుణ్ణి పొగిడారు ఆ పేరుతో.
ఎక్కడా అతనికి చేతులున్నట్టు రాయలేదు.

సెలవు పెట్టి సామోస్ దీవికి పోయాను.
మాట కోసమే అంటే అబద్ధం,
ఎండ కోసమే అన్నా అబద్ధమే.

అక్కడ ఒడ్డున ఆర్గీరిస్, డెబ్భై నాలుగేళ్లవాడు,
ఎడమచేతికి మూడున్నర వేళ్లు,
పైన్ దుంగ మీద బాడిస ఆడిస్తున్నాడు.
నా మాట చెప్పాను. చెవి మీది పెన్సిలు తీసి నవ్వాడు.
"దిమియుర్గోసా? రెండు ముక్కలు చెయ్యి దాన్ని.
దీమోస్ అంటే ఊరు. ఎర్గో అంటే పని.
ఊరికి పని చేసిపెట్టేవాడు.
పూర్వం వైద్యుడూ అదే, వడ్రంగీ అదే,
విందులో పాడి కడుపు నింపుకునేవాడూ అదేనని
బళ్లో చెప్పారు.
మీ దేశం చేరేసరికి దేవుడయ్యాడా!
దారిలో ఎవరు చెడగొట్టారు?"
మీ ఏథెన్సు వాళ్లే, అన్నాను.
"అనుకున్నా" అన్నాడు, మళ్లీ బాడిస ఎత్తి.

గోడకి మూడు పలచటి చెక్కలు వేలాడుతున్నాయి,
తండ్రి ఇచ్చినవి, తండ్రికి ఆయన తండ్రి.
వాటి మీది గీతలు జరుపుకుంటూ పోతే
చిన్న పడవ పక్కటెముకలూ అందులోంచే వస్తాయట,
పెద్ద పడవవీ అందులోంచే.
"అచ్చు ఒకటి చెబుతుంది. చెట్టు ఒకటి చెబుతుంది.
చెట్టులో ముడి ఉంటుంది, గాలికి వంగిన మొండితనం ఉంటుంది.
ఇద్దరి మధ్యా కూర్చుని నేను బేరమాడతాను.
బేరం కుదిరితే పడవ తేలుతుంది."
కుదరకపోతే?
మూడున్నర వేళ్లు చూపించాడు.

గురువారం నన్ను రేవుకి రమ్మన్నాడు.
ప్రోద్రొమోస్ చేపల లైసెన్సు వదులుకున్నాడు.
పడవ పగిలితేనే డబ్బు,
బ్రస్సెల్స్ నుంచి వచ్చిన కాగితం మీద అలా ఉంది.
పడవ పేరు ఎవాంథియా, ప్రోద్రొమోస్ తల్లి పేరు.
ముప్ఫై ఎనిమిదేళ్ల కిందట ఆర్గీరిస్ చెక్కిన వెన్ను.
అప్పుడే రంగు వేసినట్టుంది.
అవును, వేశాడట, కిందటి వారమే.
పాడె ఎక్కేవాళ్లకి కొత్తబట్ట కట్టమా, అన్నాడు.

బుల్డోజరు వచ్చింది.
దాని తలుపు మీద నీలం అక్షరాలు.
నాకు వచ్చిన కాస్త గ్రీకుతో కూడబలుక్కుని చదివాను:
దీమోస్.
పురపాలక సంఘాన్ని ఇప్పుడు అలాగే అంటారు.
ఊరి బండి. ఊరి పని.
తొమ్మిది నిమిషాలు పట్టింది.

డ్రైవరు దిగి వచ్చి
ఆర్గీరిస్‌నే లైటరు అడిగాడు. ఇచ్చాడు.
ప్రోద్రొమోస్ సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు,
అక్కడ చూడ్డానికి ఏమీ లేదు.
ముసలాయన చెత్తలోకి దిగి ఒక పక్కటెముక లాగి
అతుకు మీద బొటనవేలి గోరు పెట్టి గీశాడు.
"చూడు. కట్టె విరిగింది.
కీలు మాత్రం విడలేదు."
ఆ ముక్క నాకు ఇవ్వలేదు. చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

లైప్‌జిగ్‌లో మంచు.
నా పైఅధికారి ఓర్‌ట్రూడ్ అడిగింది: ఇంకా తేలలేదా ఆ మాట?
చీటీ మీద రాశాను:
ఒకటి, ఊరికి పని చేసిపెట్టేవాడు.
వాడుక పోయిన అర్థాల ముందు
మేము ఒక చిన్న శిలువ గుర్తు పెడతాం.
పెట్టాను. చెరిపాను.
కాగితం అక్కడ పలచబడింది.
పేజీ అచ్చుకి వెళ్లేది మార్చిలో.